తలుపు తట్టే అధికారం

పన్ను అంటే చట్టబద్ధమైన దోపిడీ అని మన యువకులు కొందరు ఈ మధ్య గట్టిగా వాదిస్తున్నారు. చదువుకున్న పిల్లలే, పుస్తకాలు చూపి మరీ మాట్లాడుతున్నారు. ఇది లిబర్టేరియన్ వాదం. తెలుగులో స్వేచ్ఛావాదం అనవచ్చు. అమెరికా తత్త్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో ప్రచురించిన గ్రంథంలో, మనిషి కష్టార్జితంపై పన్ను వేయడం అతనిచేత వెట్టిచాకిరీ చేయించుకోవడంతో సమానమన్నాడు. ప్రాణాన్ని, ఆస్తిని, ఒప్పందాలను కాపాడటంతో రాజ్యం పని ముగియాలన్నాడు.

ఈ వాదంలో మన సమాజానికి అక్కరకొచ్చే భాగం పోలీసు అధికారానికి సంబంధించినది. విచిత్రమేమంటే మన పిల్లలు పన్ను గురించి మాట్లాడినంతగా దాని గురించి మాట్లాడరు.

ఖరక్ సింగ్ కేసు ప్రతి ముస్లిం కుటుంబమూ తెలుసుకోదగినది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఈయనను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక విడిచిపెట్టారు. అయినా ఆయన పేరిట హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రివేళ చౌకీదారు, కానిస్టేబుళ్లు వచ్చి తలుపు బాదేవారు, కేకలువేసి నిద్ర లేపేవారు. రౌడీ షీట్ ఉన్న ఇళ్లలోని తల్లులకు ఈ కథ కొత్తేమీ కాదు. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు రాత్రివేళ ఇంటిపైకి రావడం చెల్లదన్నది; కానీ గోప్యత ప్రాథమిక హక్కు కాదంటూ మిగిలిన నిఘాను ఉండనిచ్చింది. ఆ తీర్పుతో విభేదించినవారిలో ఒకరు రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావు. నిఘా నీడలో తిరిగే మనిషిని స్వతంత్రుడనలేమని, ఆ నిబంధన మొత్తంగా చెల్లదని ఆయన అభిప్రాయం. దాదాపు 55 ఏళ్ల తరువాత, 2017 ఆగస్టు 24న, తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆయన పక్షాన నిలిచి గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది.

ఈ సుబ్బారావుగారే 1967లో ప్రధాన న్యాయమూర్తిగా గోలక్‌నాథ్ కేసులో, పార్లమెంటు సైతం ప్రాథమిక హక్కులను కుదించజాలదన్నారు. అది పంజాబులో వందల ఎకరాలున్న కుటుంబం కేసు. ఆస్తి అప్పట్లో ప్రాథమిక హక్కు. అదే ఏడాది పదవికి రాజీనామా చేసి, రాష్ట్రపతి ఎన్నికలో డాక్టర్ జాకిర్ హుసేన్‌పై పోటీచేసి ఓడిపోయారు. మనలో పెద్దవాళ్లకు ఆయన గుర్తున్నది ఆ పోటీ వల్లనే. అనుమానితుని గుడిసె తలుపునూ, భూస్వామి పొలం గట్టునూ ఆయన ఒకే సూత్రంతో కాపాడబోయారు. పొలం గట్టు విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. ఆ తలుపు మాత్రం మనందరిదీ.

ఇక పన్ను సంగతి. ముప్పయ్యేళ్లకు పైగా ఖజానా కార్యాలయంలో బిల్లులు చూసినవాణ్ణి. పోలీసుల జీతాల బిల్లు, పిల్లల స్కాలర్‌షిప్పు బిల్లు, వితంతు పింఛను బిల్లు నా బల్లమీదుగానే వెళ్లాయి. సబ్బు బిళ్ల కొన్న కూలి మనిషి కూడా జీఎస్టీ చెల్లిస్తోంది కనుక, ఆదాయపు పన్ను కట్టేవారే దేశాన్ని మోస్తున్నారన్న మాట అబద్ధం. కూడబెట్టిన సొమ్ములో నలభయ్యో వంతు బీదల హక్కని నమ్మే మనకు పన్ను వెట్టిచాకిరీలా తోచకూడదు. "జకాత్ మనస్సాక్షికి సంబంధించినది, పన్ను బలవంతం" అని ఒక కుర్రవాడు నాతో అన్నాడు. జకాత్ ఇవ్వబోమన్నవారిపై మొదటి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) యుద్ధమే చేశారని గుర్తుచేశాను. అయితే కట్టిన పన్ను తిరిగి చేరడం లేదన్న ఫిర్యాదు న్యాయమైనదే. బడ్జెట్‌లో కేటాయింపు ఘనంగా ఉంటుంది. మార్చి వచ్చేసరికి "ఫ్రీజింగ్ ఉంది" అంటూ బిల్లు వెనక్కి వస్తుంది. మైనారిటీ సంక్షేమానికి కేటాయింపు ఎంత అని కాదు, విడుదల ఎంత అని అడగడం మన సంఘాలు నేర్చుకోవాలి.

పోలీసుల విషయంలో నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. హైదరాబాదు పాతబస్తీలో కార్డన్ సెర్చ్ పేరిట వీధులను చుట్టుముట్టి ఇంటింటా కాగితాలు అడిగినప్పుడు నేను తప్పుపట్టాను. మా ఊళ్లో మాత్రం, అర్ధరాత్రి దాకా వీధి చివర కూర్చునే కుర్రాళ్లను కట్టడి చేయమని మసీదు కమిటీ తరఫున అర్జీ రాసింది నేనే. గుమాస్తాగిరీ చేసిన చెయ్యి కదా, అర్జీ చక్కగా కుదిరింది. గస్తీ మొదలైంది. కుర్రాళ్లను ఆపి ఫోన్లు తీసుకుని చూడటం, ముఖాలు ఫొటో తీయడం మొదలైంది. కొన్ని నెలలకు ఒక రాత్రి మా చెల్లెలి ఇంటి తలుపు కొట్టారు. వాళ్ల అబ్బాయి డిగ్రీ పరీక్షకు చదువుకుంటున్నాడు. ఏ వారంటూ లేదు. అడిగితే, "మీ పెద్దలే రాసిచ్చారు" అన్నారు.

వచ్చే జుమా తరువాత కమిటీ సమావేశం ఉంది. ఆ అర్జీని ఉపసంహరించుకుంటూ మరొకటి రాసి ఉంచాను. సంతకాలు ఎన్ని వస్తాయో చూడాలి.