‘నేను రాను’ అనడం ఎందుకంత కష్టం?

పేరు చూసి మీరనుకునే సినిమా కాదిది. అలాగని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేదీ కాదు, మాటకో బూతు. ‘సెక్సీ బీస్ట్’ అని 2000లో వచ్చిన బ్రిటిష్ గాంగ్‌స్టర్ సినిమా. గంటన్నర కన్నా ఉండదు. మొదటిసారి బెన్ కింగ్‌స్లీ కోసం చూశాను. మొన్న శనివారం రాత్రి అందరూ పడుకున్నాక మళ్ళీ చూస్తే, ఇన్నాళ్ళూ నేను తప్పు మనిషిని చూస్తున్నానేమో అనిపించింది. అదేంటో చెబుదామనే ఇది రాస్తున్నా. కథ మొత్తం చెప్పేస్తాను కాబట్టి, చూసే ఉద్దేశం ఉన్నవాళ్ళు చూసొచ్చి చదవండి.

గ్యాల్ (రే విన్‌స్టన్) ఒకప్పుడు లండన్‌లో దొంగ. ఇనప్పెట్టెలు తెరవడంలో దిట్ట. జైలుకి కూడా వెళ్ళొచ్చాడు. ఇప్పుడన్నీ మానేసి స్పెయిన్‌లో కొండవాలున ఒక ఇల్లు కట్టుకుని, భార్య డీడీతో హాయిగా ఉన్నాడు. స్నేహితుడు ఎయిచ్, అతని భార్య జాకీ. సాయంత్రమైతే నలుగురూ కలిసి తినడం, తాగడం, కబుర్లు. పగలంతా ఈతకొలను పక్కన పడుకుని ఎండకి కాగడం. సినిమా మొదలవ్వడమే అలా మొదలవుతుంది. పొట్టేసుకుని పడుకున్న గ్యాల్ పక్కనుంచి కొండమీది నుంచి ఒక బండరాయి దొర్లుకుంటూ వచ్చి, వెంట్రుకవాసిలో తప్పిపోయి, ఈతకొలనులో పడుతుంది. అడుగున టైల్స్‌తో వేయించుకున్న రెండు గుండెల బొమ్మ పగిలిపోతుంది. ఇక్కడికే మనకి అర్థమైపోతుంది, ఈయన సుఖం ఎక్కువ రోజులు ఉండదని.

తర్వాత ఒక రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు ఎయిచ్, జాకీ ముఖాలు వేలాడేసుకుని ఒక కబురు చెబుతారు. లండన్ నుంచి డాన్ లోగన్ ఫోన్ చేశాడట. వస్తున్నాడట. అంతే, ఆ బల్ల దగ్గర నలుగురికీ ముద్ద దిగదు. డాన్‌ని మనకింకా చూపించనే లేదు, ఈ నలుగురి ముఖాలు చూసే మనకి భయం మొదలవుతుంది. దర్శకుడు జొనాథన్ గ్లేజర్‌కి ఇదే మొదటి సినిమా అంటే నమ్మబుద్ధి కాదు. ఈయనే 2023లో ‘ది జోన్ ఆఫ్ ఇంటరెస్ట్’ తీశాడు, దానికి ఆస్కార్ కూడా వచ్చింది.

సరే, అసలు వీళ్ళు స్పెయిన్‌లోనే ఎందుకున్నారు? ఇది సినిమావాళ్ళు కల్పించింది కాదు. బ్రిటన్, స్పెయిన్‌ల మధ్య నేరస్థుల్ని అప్పగించుకునే పాత ఒప్పందం ఒకటుండేది. 1978లో అది రద్దయింది. కొత్త ఒప్పందం 1985లో గానీ రాలేదు. మధ్యలో ఆ ఏడేళ్ళూ లండన్ దొంగలకి పండగే. రెండున్నర గంటల విమానం, మంచి ఎండ, చవగ్గా ఇళ్ళు, పోలీసులు వచ్చి పట్టుకుపోలేరు. అక్కడి దక్షిణ తీరం పేరు ‘కోస్టా డెల్ సోల్’, అంటే సూర్యుడి తీరం అన్నమాట. ఇంగ్లీషు పేపర్లు దాన్ని కాస్తా ‘కోస్టా డెల్ క్రైమ్’ చేసేశాయి. 1983లో లండన్‌లో సెక్యూరిటీ ఎక్స్‌ప్రెస్ డిపో మీద పడి సుమారు 60 లక్షల పౌండ్లు దోచుకుపోయారు. ఆ కేసులో పేరు వినిపించిన రోనీ నైట్ ఈ తీరంలోనే ఏళ్ళ తరబడి ఉండి, 1994లో తనంతట తనే తిరిగొచ్చాడు. దోపిడీ సొమ్ము తీసుకున్నందుకు 1995లో ఏడేళ్ళ శిక్ష పడింది.

తనంతట తనే ఎందుకొచ్చాడు? ఇల్లు గుర్తొచ్చి. 1963 నాటి రైలు దోపిడీ ముఠాలోని రోనీ బిగ్స్‌దీ అదే కథ. 1965లో జైలు గోడ దూకి, చివరికి బ్రెజిల్ చేరి, 30 ఏళ్ళ పైన అక్కడుండి, 2001లో జబ్బు మనిషిగా ఇంగ్లండ్ వచ్చి అరెస్టయ్యాడు. ఊరి పబ్బులో కూర్చుని ఒక బీరు తాగాలని ఉందన్నాడట. అదే ముఠాలోని చార్లీ విల్సన్‌కి ఆ అదృష్టం కూడా లేదు. 1990లో స్పెయిన్‌లోని మార్బెల్లాలో, తన ఇంట్లోనే కాల్చి చంపేశారు. అంటే పారిపోయినవాళ్ళకి రెండే దార్లు. వాళ్ళే వెనక్కి వెళ్ళాలి, లేదా వెనకున్నది వాళ్ళని వెతుక్కుంటూ రావాలి.

గ్యాల్ దగ్గర తేడా ఏంటంటే, అతనికి ఇంటి బెంగ లేదు. లండన్ పేరెత్తితే ముఖం చిట్లిస్తాడు. వాన, మురికి, బూడిదరంగు ఆకాశం, నాకెందుకవన్నీ అంటాడు. ఇక్కడే ఈ సినిమా మిగతా దోపిడీ సినిమాల నుంచి విడిపోతుంది. ‘చివరిగా ఒక్క పని’ ఫార్ములా మనకి కొట్టినపిండే. రిటైరైన దొంగ దగ్గరికి పాతవాళ్ళొస్తారు. అతను పైకి కుదరదంటాడు గానీ లోపల చేతులు దురద పెడుతుంటాయి. మనకీ అతను ఒప్పుకోవాలనే ఉంటుంది, లేకపోతే కథేముంది? నిజజీవితంలో కూడా అలాంటివాళ్ళున్నారు. 2015లో లండన్ హాటన్ గార్డెన్‌లో నగల వ్యాపారుల లాకర్ల గోడకి రంధ్రం చేసినవాళ్ళలో అరవైలు, డెబ్భైలు దాటిన ముసలాళ్ళున్నారు. వాళ్ళని ఏ డాన్ లోగనూ వచ్చి బెదిరించాల్సిన అవసరం పడినట్టు లేదు.

గ్యాల్‌కి ఆ దురద లేదు. నిజంగానే చాలు అనుకున్నాడు. భార్యని నిజంగానే ప్రేమిస్తున్నాడు. సినిమాల్లో ఇలాంటి మనిషి చాలా అరుదు. ఎందుకంటే తృప్తి పడ్డవాడితో కథ నడపడం కష్టం. ఈ సినిమా మాత్రం అతని తృప్తినే పణంగా పెట్టి కథ నడిపింది.

ఇంతకీ డాన్ వస్తాడు. బెన్ కింగ్‌స్లీ. అసలు పేరు కృష్ణ భాన్జీ, తండ్రి వైపు మూలాలు గుజరాత్‌లో. మా తరానికి ఆయనంటే 1982 నాటి ‘గాంధీ’యే. మా స్కూల్లో లైన్లో నిలబెట్టి తీసుకెళ్ళి చూపించారు. ఒక సామ్రాజ్యం మొహం మీదే ‘మీకు సహకరించను’ అన్న మనిషిగా నటించిన ఆయన, ఇక్కడ అవతలివాడి ‘కాదు’ అన్న మాట చెవికే ఎక్కని మనిషిగా నటించాడు. గుండు, బిగుసుకుపోయిన మెడ, రెప్ప వేయని కళ్ళు. కుర్చీలో కూర్చుంటే ఏ క్షణాన లేస్తాడో తెలియదు. అన్న మాటే పదిసార్లు అంటాడు. ఈ పాత్రకి సహాయనటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అవార్డు మాత్రం జిమ్ బ్రాడ్‌బెంట్‌కి పోయింది.

డాన్ వచ్చింది ఒక బ్యాంకు దోపిడీకి గ్యాల్‌ని తీసుకెళ్ళడానికి. ఇక సినిమాలో సగం ఒకటే గొడవ. ఇతను రానంటాడు, అతను వస్తావంటాడు. నేను రెండోసారి చూసినప్పుడు గమనించింది ఇదీ: గ్యాల్ ‘రాను’ అని ఊరుకోడు. కారణాలు చెబుతాడు. మానేశానంటాడు. ఇప్పుడా పనికి పనికిరానంటాడు. పిలిచినందుకు థాంక్స్ అన్నట్టు మాట్లాడతాడు. కారణం చెప్పిన ప్రతిసారీ డాన్‌కి ఒక పని దొరుకుతుంది, ఆ కారణాన్ని కొట్టిపారేసే పని. గ్యాల్ దృష్టిలో అవి జవాబులు. డాన్ దృష్టిలో అవి బేరం.

ఇది చూస్తుంటే నాకు పాత సంగతొకటి గుర్తొచ్చింది. కొన్నేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టు నుంచి రిలీజై వేరే టీములో చేరాను. మూడు నెలల తర్వాత పాత లీడ్ ఫోన్. ప్రొడక్షన్‌కి వెళ్తున్నాం, ఆ మాడ్యూల్ నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు, రెండే రెండు వారాలు అన్నాడు. కొత్త మేనేజర్ ఒప్పుకోడేమోనన్నాను. ఆయనతో అప్పుడే మాట్లాడేశానన్నాడు. మా నాన్నకి వచ్చేవారం కంటి ఆపరేషన్ ఉంది, ఊరెళ్ళాలన్నాను. కాటరాక్టే కదా, అదేమైనా ఎమర్జెన్సీనా, రెండు వారాలు జరుపుకోవచ్చుగా అన్నాడు. చాలా ఆప్యాయంగానే అన్నాడు. జరిపాను. నాన్నకి ఫోన్ చేస్తే, ‘పర్లేదురా, నాకిప్పుడు తొందరేముంది’ అన్నారు. రెండు వారాలు కాస్తా రెండు నెలలైంది. ఆ రెండు నెలలూ ఆయన పేపర్ పక్కింటి కుర్రాడి చేత చదివించుకున్నారని తర్వాతెప్పుడో అమ్మ చెప్పింది.

నన్నెవరూ సీసాతో కొట్టలేదు. నేను చెప్పకుండా మింగేసిన మాట ‘నాకు రావాలని లేదు’. అదొక్కటే ఆయన పరిష్కరించలేని కారణం.

గ్యాల్‌ని మాత్రం సీసాతోనే కొట్టారు. డాన్ ఒకసారి ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోతాడు కూడా. అమ్మయ్య అనుకునేలోపు విమానంలో సిగరెట్ ఆర్పనని గొడవపడి, దింపేస్తే మళ్ళీ వెనక్కొస్తాడు. అక్కడ గానీ డీడీ తుపాకీ తీయదు. డాన్ చస్తాడు. అయినా గ్యాల్ లండన్ వెళ్ళాల్సే వస్తుంది. వెళ్ళకపోతే డాన్ ఏమయ్యాడని అనుమానం వస్తుంది కదా.

లండన్ వెళ్ళాకే నాకు ఇంకో విషయం అర్థమైంది. అంత అరిచి గోలచేసిన డాన్ బాస్ కాదు, ఉత్త మధ్యవర్తి. ‘అతను రానన్నాడు’ అని పైవాడికి చెప్పే ధైర్యం డాన్‌కీ లేదు. పైవాడు టెడ్డీ బాస్ (ఇయన్ మెక్‌షేన్). ఇతను ఒక్కసారి కూడా గొంతు పెంచడు. పక్కనున్న స్నానాల గది కొలను అడుగు నుంచి, నీళ్ళలో మునిగి గోడ తొలిచి, బ్యాంకు లాకర్ల గదిలోకి వెళ్తారు. పనయ్యాక టెడ్డీ గ్యాల్‌ని కారెక్కించుకుని, దారిలో ఒక పెద్దమనిషిని తాపీగా కాల్చి చంపి, గ్యాల్ చేతిలో పది పౌండ్లు పెట్టి పంపిస్తాడు. డాన్ ఎక్కడని అడుగుతాడే గానీ, డాన్ కోసం ఒక్క క్షణం బాధపడడు. తన మాట కోసం చచ్చినవాడు లెక్కలోకే రాడు. మన ‘పోకిరి’లో (2006) దుబాయ్ నుంచి అలీ భాయ్ దిగితే ఊరంతా అదిరిపోతుంది. ఇక్కడ టెడ్డీ పక్క సీట్లో కూర్చుని ఉంటాడు, అంతే. నాకైతే డాన్ కన్నా ఇతనంటేనే భయమేసింది.

ఇంత మెచ్చుకున్నాక ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి. ఈ సినిమా గ్యాల్‌ని చాలా తేలిగ్గా వదిలేసింది. ఆ ఇల్లు, ఆ ఈతకొలను ఎవరి డబ్బు? ఎవరో ఒకరి కష్టం. డాన్ లాంటి రాక్షసుణ్ణి ఎదురుగా పెట్టేసరికి, గ్యాల్ మనకి పాపం అమాయకుడిలా కనిపిస్తాడు. చివర్లో లాకర్ల నుంచి చాటుగా జేబులో వేసుకొచ్చిన కెంపుల కమ్మలు డీడీ చెవులకి మెరుస్తుంటే మనం కూడా సంతోషిస్తాం. అవి ఎవరి కమ్మలో అడగం. సినిమా కూడా అడగదు.

కానీ ఒకటి మాత్రం దాచదు. డాన్‌ని పూడ్చిపెట్టింది ఆ ఈతకొలను కిందే. పైన మళ్ళీ నలుగురూ ఎండలో కూర్చుంటారు, నవ్వుకుంటారు. కింద వాడు ఉన్నాడు. గ్యాల్ గెలిచాడని నేనననుగానీ, తనకి కావలసిన చోటికి తిరిగొచ్చాడు. దానికి చెల్లించిన ధర మీద రోజూ ఈత కొట్టాలి, అంతే.

ఆ తర్వాత పాత లీడ్ ఇంకోసారి ఫోన్ చేశాడు. ‘రాలేనండీ, నాకు రావాలని లేదు’ అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘ఎందుకని’ అన్నాడు. ‘ఎందుకూ లేదండీ’ అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు చేతులు వణికాయి. నాన్న అప్పటికి కళ్ళజోడు పెట్టుకుని తనే పేపర్ చదువుకుంటున్నారు.