కాడ్‌ఫెల్ కథలు

అపరాధ పరిశోధక నవలలను చదువువారిలో పలువురు దోషి యెవరో తెలిసిన వెంటనే పుస్తకమును మూసివేయుదురు. మరల దానిని తెరచుట అరుదు. ఎల్లిస్ పీటర్స్ అను కలము పేరుతో ఎడిత్ పార్జెటర్ వ్రాసిన బ్రదర్ కాడ్‌ఫెల్ నవలల విషయము వేరు. షెర్లాక్ హోమ్స్ ఏ కథలో చూచినను అదే హోమ్స్. కాడ్‌ఫెల్ లోకమున మనుష్యులకు వయసు వచ్చును.

ఈ ఆంగ్ల రచయిత్రి 1977లో మొదటి నవలను, 1994లో ఇరువదవ నవలను వెలువరించెను. కథాకాలము మాత్రము 1137 నుండి 1145 వరకే. ఆనాడు ఇంగ్లండు సింహాసనమునకై స్టీఫెన్ రాజును, అతని మేనమామ కుమార్తె మాటిల్డాయు పోరాడుచుండిరి. కాడ్‌ఫెల్ వేల్సు దేశీయుడు. యౌవనమున క్రూసేడు యుద్ధములు చేసి, నడివయసున ష్రూస్‌బరీ మఠమున సన్న్యాసియై, మూలికల తోటను పెంచుచుండెను.

1138లో స్టీఫెన్ ష్రూస్‌బరీ కోటను పట్టుకొని, లోపలి సైనికులను ఉరితీయించెను. ఇది చరిత్రలో జరిగినదే. రెండవ నవలలో ఆ శవములను ఖననమునకు సిద్ధపరచుచు కాడ్‌ఫెల్ లెక్కింపగా, 94 ఉండవలసిన చోట 95 కనబడును. ఎవడో తాను చంపినవానిని వారి నడుమ దాచినాడు! రాజాజ్ఞచే అంతమంది చచ్చియుండగా ఒక్కని గూర్చి విచారణ యేల యని లోకమునకు తోచును. కాడ్‌ఫెల్‌కు అట్లు తోచలేదు.

హ్యూ బెరింగర్ అను యువకుడు మనకు ఎదురగుటయు ఆ పుస్తకముననే. అతనిని నమ్మవచ్చునో కూడదో చాలసేపటి వరకు తెలియదు. పిదప అతడు కాడ్‌ఫెల్‌కు ప్రాణమిత్రుడు, భర్త, తండ్రి, తుదకు ఆ సీమకు షెరీఫు అగును. క్రమము తప్పి చదువువారికి ఆ తొలి అనుమానము దక్కదు. కావున వీనిని వరుసగా చదువుటయే మేలు. ప్రతి నవలలోను ఒక ప్రేమజంట తప్పక యుండుట కొంత విసుగు పుట్టించును. అది ఒప్పుకొనవలసిన లోపమే.

ఆరవ నవలలో కాడ్‌ఫెల్ తనకొక కుమారుడున్నాడని తెలిసికొనును. ఇరువదవ నవలలో ఆ కుమారుడు శత్రువుల చెరలో నుండును. మఠాధిపతి సెలవు ఇచ్చును గాని దానికొక హద్దు కలదు. దానిని దాటినచో కాడ్‌ఫెల్ మఠమునకు చెందినవాడు కాడు. సెలవు తీరిన పిదప హ్యూ ష్రూస్‌బరీ త్రోవ పట్టును. ముసలి సన్న్యాసి రెండవ త్రోవను పట్టును.