కథ వద్దు, ఊరు కావాలి!

నవలలు రాసుకునే మనిషిని, "కథ రాయకండి బాబూ" అని నేనే మొత్తుకోవడం విడ్డూరంగానే ఉంటుంది. అయినా చెప్పక తప్పదు. ఈమధ్య నగరంలో కుర్రకారు ఆదివారాలు బల్ల చుట్టూ చేరి ఆడుకుంటున్న వేషాల ఆట ఉందే, దాన్ని పాడుచేస్తున్నది అక్షరాలా కథే!

ఆ ఆట ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నలుగురైదుగురు కూచుంటారు. ఒకరు కత్తివీరుడు, ఒకరు మాంత్రికురాలు, ఒకరు గజదొంగ. ఆట నడిపేవాడికి మాత్రం వేషం లేదు. మిగతా లోకమంతా తానే. "ఎదురుగా పాడుబడ్డ కోట, ఏం చేస్తారు?" అంటాడు. వీళ్ళు చెబుతారు. అవుతుందా కాదా అన్న సందేహం వచ్చినచోట పాచిక దొర్లుతుంది. మన పాచిక కాదు, ఇరవై ముఖాలది. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో ఈ సరదా మొదలైంది.

ఇందులో రెండు మతాలున్నాయి. మొదటి మతం వాడు ఆద్యంతాలతో సహా కథంతా రాసుకొచ్చి ఆడిస్తాడు. రెండో మతం పేరు 'శాండ్‌బాక్స్', అంటే ఇసుకతొట్టి. చోటు చూపించి ఊరుకోవడమే. అందులో పిచ్చికగూళ్ళు కట్టుకుంటారో, కాలవలే తవ్వుకుంటారో ఆడేవాళ్ళ ఇష్టం.

నా ఓటు రెండోదానికే. ఎందుకంటారా? మొదటి మతంలో వీరులు అడవికి పోతామంటే వంతెన కూలుతుంది. కొలువుకి రామంటే భటులు రెక్కపట్టుకుని అక్కడికే ఈడ్చుకుపోతారు. కుడి తలుపు తీసినా, ఎడమ తలుపు తీసినా అదే రాక్షసుడు! 1984లో మొదలైన 'డ్రాగన్‌లాన్స్' సాహసాల్లోనైతే, ముఖ్యపాత్ర చస్తే శవం దొరక్కుండా చూడమనీ, తర్వాత మళ్ళీ రప్పించుకోవచ్చనీ సలహా కూడా ఇచ్చారు. ఆ కథలే నవలలై వచ్చాయి. నవలకు అది చెల్లుతుంది. నా నాయిక నేను పొమ్మన్నచోటికి పోతుంది. చచ్చినట్టు పోతుంది. ఆవిడకు నోరు లేదు. బల్ల దగ్గర కూచున్నవాళ్ళకు ఉంది. ఆ నోరు నొక్కేసి, పైగా "ఏం చేస్తారు?" అని అడగడం ఎంత దగా!

ఉప్పల్ రింగురోడ్డు కూడలిలో ఒక్కసారి నిలబడి చూడండి. ఒక దారి రామంతాపూర్‌కి, ఒకటి హబ్సిగూడకి, ఒకటి నాగోలుకి, ఒకటి వరంగల్లుకి. నెత్తిమీద మెట్రో పోతూంటుంది. మెట్రో మంచిదే, ఆఫీసుకు వేళకు చేరుస్తుంది. కాని పట్టాలమీద పోవడాన్ని ప్రయాణమంటాం గాని సాహసమంటామా? సాహసం కింద కూడలిలో ఉంది.

ఊరు కావాలన్నానని బ్రహ్మాండాలు సృష్టించకండి. ఏడు ఖండాలూ, పన్నెండు రాజవంశాలూ రాసుకొచ్చినవాడు, సత్రంలో అన్నం ఎవరు వండుతారంటే నీళ్ళు నములుతాడు. 1979లో గైగాక్స్ రాసిన 'కీప్ ఆన్ ద బార్డర్‌లాండ్స్'లో ఉన్నదెంత? ఒక కోట, కాస్త అడవి, ఒకరికొకరు పడని తెగలు కాపురముండే గుహలు. అంతే! మనకు ఉప్పలూ నాచారమూ చాలవూ? కూడలి సంత. మూసీ పొలిమేర. నాచారం కార్ఖానాలు రసవాదుల కొలుములు, అక్కడి చెరువు నాగులమడుగు. హబ్సిగూడలో భూమి కదలికలు కనిపెట్టే ఎన్.జి.ఆర్.ఐ. నేలకు చెవి ఆనించి వినే మునుల ఆశ్రమం. ఉప్పల్లో సర్వే ఆఫ్ ఇండియావారు భూమి కొలవడం నేర్పుతారు కదా, అది పటాల మఠం. మయసభ కావాలంటే, ఎన్.టి. రామారావుగారు స్టూడియో కట్టిన ఊరే నాచారం!

ఇంతవరకూ బొమ్మలకొలువే. ప్రాణం పోసేవి కోరికలు. రసవాదులకు మడుగు నీళ్ళు కావాలి. జాలర్లకు చేపలు కావాలి. మఠాధిపతికి మడుగు పటంలోనే లేకుండా చెయ్యాలని ఉంది. ఎందుకో మునులకు తెలుసు, చెప్పరు. వీరులు ఎవరి జోలికీ పోలేదనుకోండి, మూడోవారానికి తూము మూతపడాలి. అయిదోవారానికి చేపలు తేలాలి. ఏడోవారానికి జాలర్లు మూటాముల్లె సర్దుకోవాలి. (అంతా కల్పితమే సుమండీ! పటంలోంచి చెరువు మాయమవడం హైదరాబాదులో ఎవరైనా విన్నారా?)

సంతలో నాలుగు పుకార్లు పుట్టించండి, ఒకటి అబద్ధమైనా ఫరవాలేదు. ఏమీ తెలియనివ్వకుండా "కుడా, ఎడమా?" అంటే అది నిర్ణయం కాదు, బొమ్మాబొరుసు. నాగరాజు కూడా వీరుల బలం చూసి తన బలం తగ్గించుకోకూడదు. గట్టుమీద ఎముకలగుట్ట ముందే చూపించండి. చూశాక కూడా దిగితే వాళ్ళ రాత.

"పగ్గాలు వదిలేస్తే విసుగురాదా?" అంటారు. వస్తుంది, ఊరికే వదిలేస్తే. ఎండు ఇసుకతో గూడు నిలవదు, తడి ఉండాలి. ఇందాక చెప్పిన కోరికలే ఆ తడి. "అన్ని దారులకూ తయారవడం మానవమాత్రులకు సాధ్యమా?" అని ఇంకో ప్రశ్న. అక్కర్లేదు. లేచేముందు "వచ్చే ఆదివారం ఎటు?" అని అడగండి. ఆ ఒక్క దారికీ రెండు పేజీలు రాసుకుంటే సరి.

ఇదేదో అమెరికా తెలివి అనుకునేరు! మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల్లో గోపకుమారుడు మజిలీ చేరగానే ఊరు తిరిగొస్తాడు. ఏ వింత కంటబడితే దాని సంగతి అడుగుతాడు. మణిసిద్ధుడు దానికే కథ చెబుతాడు. చెప్పేవాడు ఎంత సిద్ధుడైనా, దేని గురించి చెప్పాలో తేల్చేది పశువులు కాసే కుర్రాడు!

అసలు సంగతి ఇదీ. ఇంటర్‌లో ఏ గ్రూపో, ఏ కోచింగో, ఏ ఉద్యోగమో అన్నీ పెద్దవాళ్ళమే తేల్చేసి పిల్లల్ని పట్టాలెక్కించాం. వాళ్ళ మాటమీద ఏదైనా మారే చోటు వారానికి నాలుగుగంటలు దొరికితే, అక్కడా ఒకడు చేతిరాత కాగితాలు పట్టుకుని తయారా? తప్పుదారి పట్టనివ్వండి. ఓడిపోతే పోనివ్వండి. ఆ ఓటమైనా వాళ్ళ సొంతమవుతుంది. ఎవరి ప్రమేయమూ లేని గెలుపుకన్నా అది వెయ్యిరెట్లు నయం.

అప్పటికీ కథ రాయాలని చెయ్యి దురదపెడితే నవల రాసుకోండి. మాకు పోటీ పెరిగిందని నేనేమీ బాధపడను.