బండి చరిత్ర బండితోనే రావాలి

కూకట్‌పల్లిలోని షెడ్డులో మెకానిక్ గేర్‌బాక్స్ కింద ట్రే పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పాడు. ఎర్రగా, పల్చగా కారాల్సిన ఆయిల్ నురగతో, చిక్కటి పాల టీ రంగులో దిగింది. కాస్త వేలికి తీసుకుని బొటనవేలితో రుద్ది, వాసన చూసి, ‘ఇది నీళ్లలో మునిగిన బండి సార్’ అన్నాడు. కొని అప్పటికి అయిదు నెలలే. మీటరు మీద 46 వేల కిలోమీటర్లు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. అతనూ తన మాట గుడ్డిగా నమ్మమనలేదు. కొన్ని బండ్లలో గేర్ ఆయిల్‌ని చల్లబరిచే గొట్టాలు రేడియేటర్ లోపలి నుంచే వెళ్తాయట. అక్కడ చిల్లు పడితే కూలెంట్ ఆయిల్‌లో కలిసినా ఇదే రంగు వస్తుందట. అందుకే ముందు రేడియేటర్ మూత తీసి చూపించాడు. కూలెంట్ శుభ్రంగా ఉంది, పైన ఆయిల్ తెట్టు లేదు. తర్వాత డ్రైవర్ సీటు బెల్టును చివరిదాకా లాగాడు. రోజూ బయటికి రాని ఆ చివరి మూరెడు మీద గోధుమ రంగు చార. సీటు కింది బోల్టులకు తుప్పు. స్టెప్నీ ఎత్తితే కింద గుంటలో వేలికి మెత్తగా తగిలిన ఒండ్రు. పైన మాత్రం సీట్లకు కొత్త కవర్లు, లోపలంతా సెంటు వాసన.

మా ఆవిడకు ఎడమ మోకాలు నొప్పి, క్లచ్ తొక్కలేదు. ఆమె కోసమే ఆటోమేటిక్ కొన్నాం. కొత్తదానికి శక్తి చాలక, ఆరేళ్ల బండిని నగరంలోని ఒక డీలర్ దగ్గర 6 లక్షల 40 వేలకు తీసుకున్నాం. మూడో నెలలో పొద్దున్నే బండి స్టార్ట్ చేసి ‘డి’లో వేస్తే రెండు క్షణాలు ఆలోచించి కదిలేది. చల్లగా ఉందిలే అనుకున్నాం. తర్వాత ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తున్నా వేగం అందుకునేది కాదు. చివరికి విజయవాడ వెళ్తుంటే పంతంగి టోల్‌గేటు దాటాక ఆగిపోయింది. గేర్ లివర్ ఎటు లాగినా కదల్లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు గేర్‌బాక్స్ మొత్తం మార్చాలని 3 లక్షలు దాటిన ఎస్టిమేట్ ఇచ్చారు. అంటే బండి ధరలో సగం. ఏ భాగం పాడైందని అడిగితే, ‘మేం లోపల విప్పం సార్, అసెంబ్లీ మార్చడమే’ అన్నారు.

సెకండ్ హ్యాండ్ బండికి గ్యారంటీ ఏముంటుంది, అంతా అదృష్టం అని మనవాళ్లు సర్దుకుపోతారు. నా మటుకు నేను ఇక ఆ మాట ఒప్పుకోను. నా బండి విషయంలో అదృష్టానికి పనే లేదు. అది మునిగిందని తెలిసినవాళ్లు ఎక్కడో ఉన్నారు. డబ్బు పెట్టి కొన్న నాకు మాత్రం ఆ సంగతి తెలియలేదు.

నీళ్లకూ గేర్‌బాక్స్‌కూ ఉన్న సంబంధం తెలిస్తే ఈ అయిదు నెలల లెక్క అర్థమవుతుంది. ఆటోమేటిక్‌కి ఆయిలే ప్రాణం. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని చక్రాల వైపు తోసేది ఆయిలే. ఏ గేరు పడాలంటే దాని క్లచ్ ప్లేట్లను నొక్కి పట్టేదీ, వేడిని మోసుకుపోయేదీ అదే. ఆ ప్లేట్ల మీద పట్టు కోసం కాగితం లాంటి పొరను జిగురుతో అతికిస్తారు. గేర్‌బాక్స్ పైన లోపలి గాలి వచ్చిపోవడానికి సన్నటి గొట్టం ఉంటుంది. నడిచి నడిచి వేడెక్కిన గేర్‌బాక్స్ ఒక్కసారిగా వరద నీటిలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, ఆ గొట్టం గుండానే నీళ్లను పీల్చుకుంటుంది. కలిసిన నీటికి ప్లేట్ల మీది పొర ఉబ్బుతుంది, జిగురు వదులుతుంది. రాలిన పొడి ఆయిల్‌తో పాటు తిరిగి వాల్వ్ బాడీలోని సన్నటి దారుల్లో అడ్డం పడుతుంది. ప్రెజర్ తగ్గితే ప్లేట్లు జారతాయి, జారితే వేడి పుడుతుంది, ఆ వేడికి మిగిలిన పొర కాలిపోతుంది. ఇదంతా ఒక్కరోజులో జరగదు. వారాలు, నెలలు పడుతుంది. ఈలోపు కార్పెట్లు ఎండబెట్టి, ఇంజిన్ ఆయిల్ మార్చి, కవర్లు వేస్తే బండి చక్కగా నడుస్తుంది. అమ్ముకోవడానికి ఆ వ్యవధి చాలు.

గేర్‌బాక్స్ ముందే చేతులెత్తేసిన ప్రతిచోటా కారణం వరదే అనలేం. కొన్నిసార్లు తప్పు తయారీలోనే ఉంటుంది. ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ బాక్సుల్లో తలెత్తిన లోపాల వల్ల ఫోక్స్‌వ్యాగన్ 2013 మార్చిలో ఒక్క చైనాలోనే 3,84,181 బండ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబరులో ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల బండ్లలో గేర్ ఆయిల్ మార్చింది. వేడి, ఉక్కపోత ఉన్నచోట, ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లో సింథటిక్ ఆయిల్ వల్ల గేర్‌బాక్స్ కరెంటు సరఫరాలో షార్ట్ సర్క్యూట్ కావచ్చని చెప్పి, దాని బదులు మినరల్ ఆయిల్ పోసింది. మే నెలలో బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర అరగంట ఇరుక్కున్నవారికి ఆ వాతావరణం గురించి వేరే చెప్పక్కర్లేదు. నిస్సాన్ కంపెనీ 2003–2010 మధ్య మోడళ్లలోని సీవీటీ రకం ఆటోమేటిక్ గేర్‌బాక్సుల మీద అమెరికాలో వారంటీని అయిదేళ్లు, 60 వేల మైళ్ల నుంచి పదేళ్లు, 1,20,000 మైళ్లకు పెంచింది. ఆ పెంపు బండికే వర్తించింది కనుక రెండో యజమానికీ అక్కరకొచ్చింది.

కొన్నిసార్లు తప్పు పోషణలో ఉంటుంది. ‘ఈ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలానికి సరిపోతుంది, మార్చక్కర్లేదు’ అని చాలా కార్ల కంపెనీలు చెబుతాయి. ఎన్నో కంపెనీల కార్లకు గేర్‌బాక్సులు చేసి ఇచ్చే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ మాత్రం తన ఆటోమేటిక్‌లలో 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు ఆయిల్ మార్చమని సూచిస్తుంది. చేసినవాడే మార్చమంటుంటే అమ్మినవాడు అక్కర్లేదంటున్నాడు. మొదటి యజమాని నాలుగైదేళ్లు నడిపి వదిలించుకుంటాడు కాబట్టి అతనికి ఆ ‘జీవితకాలం’ నిజమే అనిపిస్తుంది. దాని ఖరీదు రెండో యజమాని చెల్లిస్తాడు.

డిజైన్ లోపమైనా, నిర్లక్ష్యమైనా, వరదైనా ప్రతిదానికీ ఒక కాగితం ఎక్కడో పుట్టి ఉంటుంది. సర్వీస్ సెంటర్ జాబ్ కార్డులో, ఇన్సూరెన్స్ సర్వేయర్ రిపోర్టులో, రికవరీ వ్యాన్ బిల్లులో. కొనేవాడి చేతికొచ్చే ఆర్‌సీలో మాత్రం అవేమీ ఉండవు. ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో నంబరు కొడితే బండి మీద లోను ఉందో లేదో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకానో తెలుస్తుంది. మునిగిన సంగతి తెలియదు.

2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునిగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నై మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ఇళ్ల ముందు టాపులు మాత్రమే కనిపించిన కార్లను మనమంతా టీవీల్లో చూశాం. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన బండి విలువ (ఐడీవీ)లో 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగట్టి యజమానికి డబ్బిస్తుంది. మిగిలిన బండిని వేలంలో అమ్ముతారు. కొన్నవాడు దాన్ని విడిభాగాలుగా అమ్ముకోవచ్చు, లేదా తుడిచి నిలబెట్టి మరో ఊళ్లో బేరం పెట్టుకోవచ్చు. ఇలా బేరానికి వచ్చిన బండికి ‘మునిగింది’ అన్న ముద్ర ఎక్కడా పడదు.

అమెరికాలో ఈ ముద్ర పడుతుంది. 1992 నాటి చట్టంతో పుట్టిన జాతీయ వాహన సమాచార వ్యవస్థ ఒకటి అక్కడుంది. ఇన్సూరెన్స్ కంపెనీలు, తుక్కు యార్డులు తమ చేతికొచ్చిన టోటల్ లాస్ బండ్ల వివరాలను నెలనెలా దానికి పంపి తీరాలి. డల్లాస్‌లో చదువుకునే మన కుర్రాడు పాత కారు కొనేముందు కొద్ది డాలర్లు కట్టి, ఛాసిస్ నంబరుతో ఆ రిపోర్టు తెప్పించుకోగలడు. వాళ్ల నాన్న ఇక్కడ, విజయవాడలోనో వరంగల్‌లోనో, ఆ పని చేయలేడు.

ఇక్కడ సమాచారం లేదనుకుంటే పొరపాటు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. అది ఏర్పాటు చేసిన ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో కూడా ఇక్కడిదే. కంపెనీల నుంచి మోటారు పాలసీలు, క్లెయిముల వివరాలు దానికి చేరతాయి. అటు ఆ లెక్కలున్నాయి, ఇటు వాహన్ ఉంది. ఛాసిస్ నంబరు కొడితే ‘ఫలానా నెలలో టోటల్ లాస్ క్లెయిము చెల్లించారు’ అన్న ఒక్క వాక్యం కొనేవాడికి కనిపించాలి. పాత యజమాని పేరూ ఫోన్ నంబరూ ఎవరికీ అక్కర్లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్లలోని మరమ్మతుల రికార్డు కూడా ఇలాగే బండి వెంట రావాలి. ఆ రికార్డు తమ సొత్తన్నట్టు కంపెనీలు దాచుకోవడం న్యాయం కాదు. దానికి డబ్బు కట్టింది బండి యజమాని.

ఇక చట్టం సంగతి. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం డీలర్ అమ్మిన పాత కారులో ఆరు నెలల్లోపు లోపం బయటపడితే, అది అమ్మిననాటికే ఉందని భావిస్తారు. కాదని రుజువు చేసుకోవాల్సింది డీలరే. న్యూయార్క్ రాష్ట్రంలో లక్ష మైళ్ల లోపు తిరిగిన బండిని అమ్మే డీలర్, అది తిరిగిన దూరాన్ని బట్టి 30 నుంచి 90 రోజుల వారంటీ రాసివ్వాలి, అందులో గేర్‌బాక్స్ తప్పనిసరి. మన దగ్గర పాత వాహనాల డీలర్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం నిబంధనలు తెచ్చింది. ఆర్టీఏ దగ్గర అనుమతి తీసుకోవాలి, చేతికొచ్చిన ప్రతి బండి వివరం తెలపాలి, ఎక్కడికి తిప్పారో రాసిపెట్టాలి. మంచివే. కానీ అవన్నీ బండి ఎవరి బాధ్యతలో ఉందన్న లెక్కలు. దాని లోపలి స్థితిని కొనేవాడికి చెప్పి తీరాలన్న షరతు వాటిలో లేదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద డీలర్ మీద జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. బండి ఎక్కడ కొన్నా మనం ఉండే ఊళ్లోనే ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్లు. 5 లక్షల లోపు కొనుగోలైతే ఫీజు కూడా లేదు. చిక్కల్లా రుజువు దగ్గర. పరీక్ష చేస్తే తప్ప తేలని లోపమైతే దాన్ని ల్యాబుకు పంపాలి, ఆ ఖర్చు ముందుగా ఫిర్యాదుదారుడే కట్టాలి. నిపుణుడి నివేదిక లేకపోతే కేసు నిలవడం కష్టం. బండిని రోజూ చూసే డీలర్‌కు అది మునిగిందో లేదో కనిపెట్టడం ఎంత తేలిక, నాలాంటివాడికి ఎంత కష్టం! భారం మాత్రం మనమీదే. కనీసం మొదటి ఆరు నెలలకైనా ఇది తిరగబడాలి. నేరుగా ఒక వ్యక్తి దగ్గర కొంటే ఈ దారి కూడా ఉండదు. తెలిసి దాచిపెట్టడం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మోసమే అయినా, దానికి సివిల్ కోర్టు మెట్లెక్కాలి.

బండి చరిత్ర బయటపెట్టి, రుజువు భారం డీలర్ మీద వేస్తే చిన్న డీలర్లు బతకలేరని ఒక వాదన ఉంది. బండ్లు అమ్ముకునే ఇద్దరు ముగ్గురు పరిచయస్తులు నాతోనే అన్నారు. వాళ్ల బాధ నిజమే, వాళ్లనూ ముంచేవాళ్లున్నారు. అయితే బండి చరిత్ర బయట కనిపిస్తే ముందుగా లాభపడేది వాళ్లే. మునిగిన బండిని మంచి ధర పెట్టి కొనే ప్రమాదం తప్పుతుంది. నిజాయితీగా అమ్మేవాడి బండికి రెండు రూపాయలు ఎక్కువే వస్తాయి.

ఇవి జరిగేలోపు కొనేవాళ్లు తమ జాగ్రత్త తాము పడాల్సిందే. బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచారంటే అనుమానించండి. ‘డి’లోనూ ‘ఆర్’లోనూ వేసి ఎన్ని క్షణాలకు పట్టు దొరుకుతుందో చూడండి. స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. లోపాల కోడ్లు చెరిపేశాక బండి ఎంత దూరం తిరిగిందో కూడా చాలా కార్ల కంప్యూటర్ చెబుతుంది. ఆ అంకె పది కిలోమీటర్లే అయితే నిన్ననో మొన్ననో ఎవరో చెరిపారన్నమాట. సీటు బెల్టు చివరిదాకా లాగండి. నేను లాగలేదు.

పాడయ్యాక చేయాల్సింది ఇంకా ముఖ్యం. గేరు జారుతున్న బండిని ‘షెడ్డుదాకా పోతుందిలే’ అని నడపొద్దు, తాడు కట్టి లాగించొద్దు. ఇంజిన్ ఆగిపోతే లోపల ఆయిల్ పంపు తిరగదు, చక్రాలు తిరిగేకొద్దీ మిగిలినవి కూడా అరుగుతాయి. పైకెక్కించుకునే రికవరీ వ్యాన్ పిలవండి. గేర్‌బాక్స్ విప్పే ముందు డీలర్‌కు రాతపూర్వకంగా చెప్పండి, రమ్మనండి. విప్పుతుండగా వీడియో తీయండి. పాత భాగాలు అడిగి తీసుకోండి. మా మెకానిక్ ఆయిల్‌ను ఒక నీళ్ల సీసాలోకి పట్టి, మూత మీద టేపు చుట్టి, తేదీ రాసి ఇచ్చాడు. ఫిర్యాదు వేయడానికి నాకు ధైర్యమిచ్చింది ఆ సీసానే. గేర్‌బాక్స్‌ను అతనే విప్పి, ప్లేట్లు, వాల్వ్ బాడీ మార్చి, కడిగి కూర్చాడు. సర్వీస్ సెంటర్ చెప్పినదాంట్లో సగం కూడా కాలేదు.

కమిషన్‌లో కేసు ఇంకా నడుస్తోంది. మొన్న వాహన్‌లో మా బండి నంబరు మళ్లీ కొట్టి చూశాను. ఇన్సూరెన్స్ ఉంది, లోను లేదు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. రేపు నేను అమ్మకానికి పెడితే కొనేవాడికి కనిపించేది కూడా ఇంతే. అందుకని మెకానిక్ రాసిచ్చిన రిపోర్టు, బిల్లులు, ఆ టీ రంగు ఆయిల్ ఫొటోలు ఒక ఫైల్లో పెట్టి, ఆర్‌సీతో పాటు గ్లోవ్‌బాక్స్‌లో ఉంచాను.