నమ్మమని అడగొద్దు, లెక్క చెప్పండి

ఏజెన్సీ ఊళ్ల గురించి పేపర్లో ఇలాంటి ఫొటో మీరు చాలాసార్లు చూసే ఉంటారు. పోలీసుల మెడికల్ క్యాంపు. యువకులకు వాలీబాల్ కిట్లు, ముసలివాళ్లకు దుప్పట్లు. కింద ఒక లైను: ఆదివాసీల నమ్మకాన్ని గెలుచుకుంటున్న పోలీసులు.

దుప్పటి అవసరమే. మందులు ఇంకా అవసరం. తీసుకున్నవాళ్లను తప్పుబట్టే పని మనకు లేదు. కానీ దుప్పటి ఇచ్చినంత మాత్రాన నమ్మకం రాదు. ఆ నమ్మకం నిలబడేదీ, పోయేదీ పోలీసు తుపాకీ పేలిన మర్నాడే. ఆ రోజు ఊరు అడిగే ప్రశ్నలు ఐదే. ఎవరు కాల్చారు? ఎందుకు కాల్చారు? ఎవరు విచారించారు? ఎన్నేళ్లు పట్టింది? చివరికి జవాబు ఎవరు చెప్పారు? ఈ ఐదింటికి జవాబు దొరికిన చోట పోలీసుల్ని నమ్మమని ఎవరూ ప్రచారం చేయక్కర్లేదు. దొరకని చోట ఎన్ని క్యాంపులు పెట్టినా ఉపయోగం లేదు.

మన దగ్గర ఈ ప్రశ్నలకు ఏం జవాబు వచ్చిందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం.

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది. భూమి మీద హక్కు కావాలని, వడ్డీ వ్యాపారుల దోపిడీ ఆగాలని గోండు గూడేల నుంచి జనం బయల్దేరారు. సభకు ముందు పర్మిషన్ ఇచ్చి తర్వాత రద్దు చేశారు. ఆ సంగతి చాలా గూడేలకు తెలియనే తెలియదు. కాల్పులు జరిగాయి. సర్కారు లెక్కలో చనిపోయింది 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్కలో 60 మందికి పైనే. నలభై ఏళ్లు దాటినా ఆ రెండు అంకెలూ కలవలేదు. ఎంతమంది చచ్చిపోయారన్న దగ్గరే లెక్క తేలలేదంటే, ఎవరు కాల్చారన్న ప్రశ్న దాకా ఎప్పుడు వెళ్తాం? పైగా ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే చాలు, స్థూపం దగ్గరికి జనం రాకుండా 144 సెక్షన్ పెట్టేవాళ్లు. ఏడవడానికి కూడా పర్మిషన్ కావాల్సి వచ్చింది.

2007 ఆగస్టు 20. అప్పటి విశాఖ ఏజెన్సీలో, జి.మాడుగుల మండలం వాకపల్లి. కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. అదే రోజు కొండ దిగి వచ్చి చెప్పారు. దానికి పోలీసు వైపు నుంచి వచ్చిన మొదటి మాట, ఇదంతా అబద్ధం, మావోయిస్టులు చెప్పించారని. ఒక ఆడమనిషి ఊరి ముందు, కులం ముందు నిలబడి ఈ మాట చెప్పడమంటే ఏమిటో మన ఇళ్లలో అందరికీ తెలుసు. పదకొండు మందీ వెనక్కి తగ్గలేదు. అరెస్టులు లేవు. నిందితులను గుర్తుపట్టే పరేడ్ పెట్టలేదు. 2012లో హైకోర్టు, ఆ రోజు కూంబింగ్‌కు వెళ్లిన 21 మందిలో 13 మంది మీద విచారణ జరగాల్సిందేనంది. 2017లో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో ముగించమంది. తీర్పు వచ్చింది 2023 ఏప్రిల్ 6న. పదిహేనేళ్లు దాటిపోయాయి. అప్పటికే ఆ పదకొండు మందిలో ఇద్దరు కన్నుమూశారు.

విశాఖలోని ప్రత్యేక కోర్టు 13 మందినీ నిర్దోషులుగా వదిలేసింది. కానీ అదే తీర్పులో దర్యాప్తు సరిగ్గా జరగలేదని తప్పుపట్టింది. ఆ మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి. కోర్టు వదిలేసినవాళ్లను మనం దోషులనడం లేదు. దోషి ఎవరో తేల్చే అవకాశాన్ని దర్యాప్తే పోగొట్టిందంటున్నాం. పోలీసుల మీద వచ్చిన ఫిర్యాదును పోలీసులే విచారిస్తే ఏమవుతుందో చెప్పడానికి వాకపల్లి చాలు.

సరిహద్దు దాటి బస్తర్‌కు వద్దాం. భద్రాచలం నుంచి బీజాపూర్ వైపు వెళ్తే రాష్ట్రం పేరు మారుతుంది గానీ అక్కడా ఉన్నది కోయవాళ్లే, మన చుట్టాలే. 2012 జూన్ 28 రాత్రి సర్కేగూడ దగ్గర ఊళ్లవాళ్లు కూడి ఉన్నారు. విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి వచ్చామన్నారు. సీఆర్‌పీఎఫ్, రాష్ట్ర పోలీసులు కాల్పులు జరిపారు. 17 మంది ఊరివాళ్లు చనిపోయారు. అందులో పిల్లలూ ఉన్నారు. మర్నాడు దాన్ని పెద్ద ఎన్‌కౌంటర్ అన్నారు. రిటైర్డ్ జడ్జి వి.కె. అగర్వాల్ కమిషన్ విచారించి, ఊరివాళ్ల వైపు నుంచి కాల్పులు జరిగినట్టు, చనిపోయినవాళ్లు మావోయిస్టులైనట్టు ఆధారం లేదని తేల్చింది. ఆ మాట బయటికి రావడానికి 2019 దాకా పట్టింది. అంటే ఏడేళ్లు.

2013 మే 17 రాత్రి, అదే బీజాపూర్ జిల్లా ఎడెస్‌మెట్ట. అక్కడా విత్తనాల పండుగే. మంట చుట్టూ జనం ఉన్నారు. ఎనిమిది మంది ఊరివాళ్లు చనిపోయారు, అందులో పిల్లలున్నారు. ఒక కోబ్రా కానిస్టేబుల్ కూడా చనిపోయాడు. దీన్నీ అగర్వాల్ కమిషనే విచారించింది. బలగాలు కంగారులో కాల్చి ఉంటాయని, చనిపోయినవాళ్లు మావోయిస్టులు కారని చెప్పింది. పేలింది 44 రౌండ్లు. అందులో 18 రౌండ్లు ఆ చనిపోయిన కానిస్టేబుల్ తుపాకీ నుంచే. రిపోర్టు అసెంబ్లీకి వచ్చింది 2022లో. ఈలోగా 2019లో సుప్రీంకోర్టు సీబీఐ దర్యాప్తు వేయాల్సి వచ్చింది.

కంగారులో కాల్చారనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. చీకట్లో మంట చుట్టూ కూర్చున్న మనుషులను చూసి ఒక సాయుధ దళానికి కంగారు పుట్టింది. ఆదివాసీ గుంపుగా కనిపిస్తే ప్రమాదమనే లెక్క ముందే మనసులో ఉండబట్టే కదా ఆ కంగారు? పండుగకీ మీటింగ్‌కీ తేడా తెలియని చేతిలో తుపాకీ పెట్టి, ఆ రాత్రివేళ అడవిలోకి పంపిందెవరు? కమిషన్ రిపోర్టు ట్రిగ్గర్ నొక్కిన చేయి దగ్గర ఆగిపోతే మనకు సరిపోదు. అక్కడికి పంపిన ఆర్డర్ గురించీ అడగాలి. ఎనిమిదేళ్ల తర్వాత, 2021లో సరిగ్గా అదే మే 17న, సిల్గేర్‌లో క్యాంపు వద్దని కూర్చున్న జనం మీద కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. తేదీ కూడా మారలేదు.

ఇక్కడ ఒక మాట వస్తుంది. మీకూ వచ్చే ఉంటుంది, ఫోన్లోనో కాలేజీలోనో: "మరి మావోయిస్టులు చంపినవాళ్ల సంగతేంటి?" తప్పించుకోకుండా జవాబు చెబుదాం. ఇన్ఫార్మర్ అనే ముద్ర వేసి మావోయిస్టులు చంపినవాళ్లలో చాలామంది ఆదివాసీలే. ఆ చావులకీ జవాబు కావాలి. అడవిలో చనిపోయిన జవాన్ల తల్లుల ఏడుపూ ఏడుపే. అయితే పోలీసుకు తుపాకీ ఇచ్చింది రాజ్యాంగం, జీతం ఇచ్చేది జనం. చట్టం ప్రకారం కాలుస్తానని ఒప్పుకుని తీసుకున్న తుపాకీ అది. అవతలివాడు చట్టం పాటించలేదు కాబట్టి నేనూ పాటించనంటే ఇక ఇద్దరికీ తేడా ఏముంది?

పట్నంలో ఉన్న మద్దతుదారులకు ఒక గుర్తు. 2019 డిసెంబర్ 6న హైదరాబాద్ దగ్గర దిశ కేసు నిందితులు నలుగురూ ఎన్‌కౌంటర్‌లో చనిపోతే పోలీసుల మీద పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని చెప్పింది. పూలు చల్లినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు ఎవరూ అడగలేదు. పట్నంలో చప్పట్లు కొట్టించుకున్న పద్ధతే అడవిలో, కెమెరా లేని చోట, ఇంకా ధైర్యంగా నడుస్తుంది.

చట్టం లేక ఇదంతా జరగడం లేదు. 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్, ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే పోలీసుల మీద ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందేనని, ఆత్మరక్షణ అనేది కోర్టులో రుజువు చేసుకోవాలని చెప్పింది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంది. 2014లో మహారాష్ట్ర ఎన్‌కౌంటర్ల కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్ కట్టాలి. దర్యాప్తు సీఐడీతోనో వేరే స్టేషన్ టీంతోనో చేయించాలి. మెజిస్ట్రేట్ విచారణ జరగాలి. పోస్టుమార్టం ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీలైతే వీడియో తీయాలి. చనిపోయినవారి కుటుంబానికి వెంటనే చెప్పాలి. కాల్పులైన వెంటనే ప్రమోషన్లు, సాహస పతకాలు ఇవ్వకూడదు. ఇవి పాటించలేదనిపిస్తే కుటుంబం సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయవచ్చు. ఈ జాబితా మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? మన ఎమ్మెల్యేలలో ఎంతమంది ఎప్పుడైనా అసెంబ్లీలో దీన్ని చదివారు?

ఇంకో మాట, ఇది మనలో మనం మాట్లాడుకోవాల్సింది. ఈ వ్యాసం చదువుతున్న తమ్ముళ్లలో, చెల్లెళ్లలో చాలామంది కానిస్టేబుల్ పరీక్షకు ప్రిపేర్ అవుతున్నారు. పొద్దున్నే గ్రౌండ్‌లో పరిగెడుతున్నారు. పరిగెత్తండి, ఉద్యోగం కొట్టండి. మన భాష తెలిసిన మనిషి స్టేషన్‌లో ఉండాలి. కానీ ఛత్తీస్‌గఢ్‌లో ఏం జరిగిందో తెలుసుకుని వెళ్లండి. ఐదో క్లాసు చదివిన ఆదివాసీ కుర్రాళ్లకు నెలకు 3000 రూపాయల గౌరవవేతనం ఇచ్చి, ఎస్పీవోలని పేరు పెట్టి, తుపాకీ ఇచ్చి సొంత జనం మీదికి పంపారు. 2011 జులై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని, ఆపేయాలని చెప్పింది. ఆదివాసీని ఆదివాసీ చేతే కొట్టించడం పాత ఎత్తుగడ. రేపు యూనిఫాం వేసుకున్నాక తప్పు ఆర్డర్ వస్తే, చట్టం ఏం చెప్తుందో తెలిసిన మనిషిగా నిలబడండి. అంతే మేం అడిగేది.

మిగతావాళ్లం చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. పెద్దవేం కావు. గ్రూపుల్లో పెట్టండి, గూడెం మీటింగ్‌లో చదివి వినిపించండి.

అరెస్టు చేసే పోలీసు పేరు కనిపించేలా బ్యాడ్జీ ఉండాలి. అరెస్టు మెమో రాయాలి, దాని మీద ఇంటివాళ్లో ఊరివాళ్లో సాక్షి సంతకం పెట్టాలి. ఎక్కడికి తీసుకెళ్తున్నారో ఇంట్లోవాళ్లకు చెప్పాలి. 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 దాటినవాళ్లను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మనకూడదు, వాళ్లుండే చోటికే వచ్చి అడగాలి. పొద్దుగూకాక తెల్లారేలోపు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి, మెజిస్ట్రేట్ అనుమతి ఉండాలి.

ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు, కాపీ ఉచితం. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. కావాలని డ్యూటీ చేయని అధికారికీ ఆ చట్టంలో శిక్ష ఉంది. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ దొరుకుతాడు, నంబర్ 15100.

అన్నిటికన్నా ముఖ్యం, ఏదైనా జరిగితే ఆ రోజే రాసిపెట్టండి. తేదీ, టైము, ఎవరు వచ్చారు, ఎటు వెళ్లారు, ఏ బండి. మీ భాషలో చెప్పిన మాటను తెలుగులోకి మార్చి రాస్తే, చదివి వినిపించాకే సంతకమో వేలిముద్రో వేయండి. కోయ, గోండి, కువి మాట్లాడే సాక్షికి అనువాదకుడు కావాలని అడగడం హక్కు. కాగితం మీద మాట మారితే కేసే మారిపోతుంది.

ఇక పోలీసు శాఖకు. మీ మీద మాకు పుట్టుకతో పగ లేదు. దొంగతనం జరిగితే, అమ్మాయి కనిపించకపోతే, భూమి కబ్జా అయితే మేమూ స్టేషన్‌కే రావాలి. భయం లేకుండా రావాలనే మా కోరిక కూడా. దానికి ఏం చేయాలో 2014 మార్గదర్శకాల్లోనే ఉంది. కాల్పులు జరిగిన ప్రతిచోటా ఎఫ్‌ఐఆర్ కట్టండి, దర్యాప్తు వేరేవాళ్లకు ఇవ్వండి, మెజిస్ట్రేట్ రిపోర్టును ఊరి భాషలో ఊరి ముందు చదవండి. తప్పు తేలితే పేరు చెప్పండి, శిక్ష వేయండి. మీ వైపు న్యాయం ఉంటే ఆ రిపోర్టే మీకు సాక్షి అవుతుంది.

అప్పటిదాకా వాలీబాల్ ఆడుకుంటాం, దుప్పటి కప్పుకుంటాం. ఆ ఐదు ప్రశ్నలు మాత్రం అడుగుతూనే ఉంటాం.

జోహార్.