హైలాండ్స్‌కి కారులో బయలుదేరుతున్న జంటలకు హెచ్చరిక

ఈస్టర్ సెలవులకు స్కాట్లాండ్ హైలాండ్స్ చూద్దామని కారు బుక్ చేసుకున్న తెలుగు దంపతులు ఈ నాలుగు మాటలు చదివాకే బయలుదేరాలని మా విన్నపం. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉద్యోగం చేసేవాళ్లు, చదువు ముగించి పనిలో చేరినవాళ్లు, పెళ్లయి కొత్తగా బ్రిటన్ వచ్చినవాళ్లు గ్లెన్‌కో లోయ, లాక్ నెస్ సరస్సు, స్కై ద్వీపం అంటూ దారి పడుతున్నారు. చూడదగ్గ చోట్లే, కాదనం. కానీ అటు వెళ్లిన మనవాళ్లలో కొందరు తిరిగి రాలేదు.

2024 ఏప్రిల్ 17న పిట్లాక్రీ దగ్గర, గ్యారీ, టమ్మెల్ నదులు కలిసే లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం వద్ద ఇద్దరు ఆంధ్ర యువకులు నీళ్లలో పడి చనిపోయారు. ఇద్దరూ డండీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నవాళ్లు. ఒకరికి 22 ఏళ్లు, మరొకరికి 26. అంతకుముందు 2022 ఆగస్టులో పశ్చిమ తీరాన కాజిల్ స్టాకర్ సమీపంలో, ఏ828 రోడ్డు మీద కారు, లారీ ఢీకొని ముగ్గురు భారతీయ యువకులు ప్రాణాలు కోల్పోయారు. వీళ్లంతా మనలాగే సెలవుకు కొండలూ సరస్సులూ చూడబోయిన పిల్లలు.

ఆ ప్రాంతం మనకు తెలిసినట్టే కనిపిస్తుంది. అక్కడే మోసపోతున్నాం.

ఫ్రాన్స్‌లోనో ఇటలీలోనో కుడివైపు నడపాల్సి వస్తే మనవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. స్కాట్లాండ్‌లో మన దగ్గరలాగే ఎడమవైపు నడపడం, స్టీరింగ్ కుడివైపు ఉండడం చూసి భయం తీరిపోతుంది. తీరా పెద్ద రోడ్డు వదిలి పడమటి తీరానికి, ఉత్తరానికి మళ్లితే ఒక్క కారు మాత్రమే పట్టే సింగిల్ ట్రాక్ రోడ్లు వస్తాయి. ఎదురెదురు బండ్లు తప్పుకోవడానికి అక్కడక్కడ కాస్త వెడల్పు చేసి ‘పాసింగ్ ప్లేస్’ అని బోర్డు పెడతారు. అది మీకు ఎడమవైపు ఉంటే అందులోకి వెళ్లి ఆగాలి. కుడివైపు ఉంటే దానికి ఎదురుగా మీ దారిలోనే ఆగి, అవతలి బండిని అందులోకి రానివ్వాలి. ఎత్తు ఎక్కే బండికి దారి ఇవ్వాలి. వెనక ఎవరైనా తొందరగా వస్తుంటే వాళ్లనూ ముందుకు పోనివ్వాలి. ఫొటోల కోసం అక్కడ కారు నిలిపితే మాత్రం, అంబులెన్సుకు కూడా దారి మూసినవాళ్లవుతారు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. మన ఊళ్లలో ఎదుటివాడు హెడ్‌లైట్ కొట్టాడంటే ‘నేనొస్తున్నా, నువ్వాగు’ అని. అక్కడి ఇరుకు రోడ్ల మీద చాలాసార్లు ‘నేనాగాను, నువ్వు రా’ అని. ఇద్దరూ తమకు అలవాటైన అర్థమే తీసుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. లైటు చూసి కదలకండి, ఎదుటి బండి నిజంగా ఆగిందని కళ్లతో చూసుకున్నాకే కదలండి.

తెల్లటి గుండ్రటి బోర్డు మీద నల్లటి అడ్డగీత కనిపిస్తే అలాంటి రోడ్డు మీద కారుకు గంటకు 60 మైళ్ల దాకా చట్టం అనుమతి. అది గరిష్ఠ పరిమితే తప్ప, అంత వేగంతో వెళ్లమని సలహా కాదు. పడమటి తీరాన ఆపిల్‌క్రాస్ ఊరికి పోయే బెలాక్ నా బా కనుమ 626 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది, హెయిర్‌పిన్ మలుపులతో, అయిదు అడుగులకు ఒక అడుగు లేచే వాలుతో. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లు దాని జోలికి పోవద్దు. చీకటి పడేవేళ, తెల్లవారుజామున జింకలు రోడ్డు దాటుతుంటాయి. గొర్రెలైతే రోడ్డు మీదే పడుకుంటాయి.

జంటగా వెళ్లేవాళ్లకు మరో ముప్పు ఉంది. చాలా ఇళ్లలో లైసెన్సు ఒక్కరికే. శుక్రవారం ఆఫీసు ముగించుకుని లండన్‌లో ఎక్కితే గ్లెన్‌కో సుమారు 500 మైళ్లు. రాత్రంతా ఒక్కరే నడిపి, తెల్లారి నిద్రకళ్లతో కొండ రోడ్లెక్కడం ఏ లెక్కన సెలవు? భారత లైసెన్సుతో నడిపేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. బ్రిటన్‌లో నివాసం మొదలైన 12 నెలలకే దాని చెల్లుబాటు ముగుస్తుంది, ఆ తర్వాత జరిగే ప్రమాదానికి ఇన్సూరెన్సు అండ దొరకకపోవచ్చు. విస్కీ తయారీ చూడబోయి రుచి చూసేవాళ్లు గుర్తుంచుకోండి, స్కాట్లాండ్‌లో మద్యం పరిమితి ఇంగ్లండ్ కంటే కఠినం: 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు. నడిపేవారు ఒక్క గుటకైనా వేయకపోవడమే మంచిది.

ఇక నీళ్ల సంగతి. రోడ్డు కంటే దీన్ని గురించే మా భయం ఎక్కువ. కాలవల్లో, చెరువుల్లో ఈత నేర్చిన చేతులు మనవి. ఏప్రిల్‌లో ఎండ కాస్తుంది, సరస్సు కదలకుండా ఉంటుంది, మోకాలి లోతు దిగి ఒక ఫొటో తీసుకుందామనిపిస్తుంది. పైన ఎండ ఉన్నా నీటికి చలికాలపు చల్లదనం ఇంకా వదలదు. అలాంటి నీళ్లలో హఠాత్తుగా పడితే శరీరం మన మాట వినదు. ఊపిరి దానంతటదే ఎగబీలుస్తుంది, ఆ క్షణంలో తల మునిగితే ఊపిరితిత్తుల్లోకి పోయేది నీరే. దాన్ని తట్టుకున్నా కొద్ది నిమిషాల్లోనే చేతులూ కాళ్లూ పట్టు తప్పుతాయి. గజ ఈతగాడికైనా ఇంతే. పైగా పీట్ అనే నల్లటి తడిమట్టి నేలల మీదుగా వచ్చే ఆ నీళ్లు కషాయంలా నల్లగా ఉంటాయి, లోతు తెలియదు. లాక్ లోమండ్ సరస్సులో ఒడ్డు పక్కనే అడుగు ఉన్నట్టుండి లోయలా దిగిపోయే చోట్లున్నాయి. లాక్ నెస్ లోతు 230 మీటర్లు. జలపాతాల దగ్గర నాచు పట్టిన తడి బండల మీద బూటు నిలవదు.

పొరపాటున పడితే ఈదాలని పెనుగులాడకండి. వెల్లకిలా తిరిగి, చెవులు నీళ్లలో మునిగేలా తల వెనక్కి వాల్చి, ఊపిరి కుదుటపడేదాకా తేలండి. ఒడ్డున ఉన్న భార్య గానీ భర్త గానీ దూకవద్దు. ఇది చెప్పడం ఎంత కష్టమో మాకు తెలుసు, అయినా చెబుతున్నాం. చున్నీ, తాడు, చెట్టుకొమ్మ, ఏది దొరికితే అది విసరండి, 999కి ఫోన్ చేయండి. కొండ మీద ఆపదైతే అదే నంబరులో పోలీసును అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. జీతం ఆశించని స్థానికులే వస్తారు, మీ దగ్గర డబ్బు తీసుకోరు. చాలా లోయల్లో సిగ్నల్ ఉండదు కనుక మ్యాపు ముందే ఫోన్‌లోకి దించుకోండి, ఏ పూట ఎక్కడుంటారో స్నేహితులెవరికైనా రాసి పంపండి.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకూ ఒక మాట. పిల్లలు బండి నడుపుతున్నప్పుడు వీడియో కాల్ చేసి ఆ సరస్సు చూపించమని అడగవద్దు. రాత్రి బసకు చేరాక అన్నీ తీరిగ్గా చూడొచ్చు.

ఈ వారం బయలుదేరే దంపతులారా, మీరు రాసుకున్న ఊళ్ల జాబితా ఈ రాత్రే మరోసారి తీయండి. అందులోంచి ఒక ఊరు కొట్టేయండి, దారిలో ఒక రాత్రి బస కలపండి. నీళ్లను ఒడ్డునుంచే చూసి రండి.