మంచుకు ముందే మేలుకోవాలి

కాశ్మీర్ లోయకు శీతకాలం చెప్పాపెట్టకుండా వచ్చే అతిథి కాదు. ఏటా డిసెంబరు 21న మొదలై జనవరి నెలాఖరు వరకు సాగే నలభై రోజుల కఠోర శీతల కాలాన్ని అక్కడి ప్రజలు ‘చిల్లై కలాన్’ అంటారు. ఆ పిమ్మట ఇరవై రోజుల ‘చిల్లై ఖుర్ద్’, పది రోజుల ‘చిల్లై బచ్చా’ వస్తాయి. తరతరాలుగా పంచాంగంలా పాటిస్తున్న ఈ డెబ్బయి రోజుల లెక్క లోయలోని ప్రతి ఇల్లాలికీ కంఠతా వచ్చు. విద్యుత్ యంత్రాంగానికి మాత్రం ఆ లెక్క ఏటా కొత్తగానే తోస్తున్నట్లుంది. భారీగా మంచు కురిసిన ప్రతిసారీ తీగలు తెగుతాయి, స్తంభాలు ఒరుగుతాయి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయి, గ్రామాలకు గ్రామాలే అంధకారంలో మునుగుతాయి. ప్రకృతి కన్నెర్ర చేసిందంటూ అధికారులు చేతులెత్తేస్తారు. తేదీ చెప్పి మరీ వచ్చే ఆపదను వైపరీత్యమని పిలవడం ఆత్మవంచన కాక మరేమిటి?

ప్రకృతి కొన్నిసార్లు గడువుకు ముందే విరుచుకుపడే మాట వాస్తవమే. 2018 నవంబరు తొలి వారంలోనూ, మళ్లీ 2019 నవంబరు తొలి వారంలోనూ కురిసిన అకాల హిమపాతం కాశ్మీర్‌ను అతలాకుతలం చేసింది. అప్పటికి చెట్ల ఆకులు ఇంకా రాలలేదు. తడి మంచు ఆకులను, కొమ్మలను అంటిపెట్టుకొని బరువెక్కడంతో ఆపిల్ తోటలు విరిగిపడ్డాయి. రోడ్ల పక్కనున్న చెట్లు కరెంటు తీగలపై కూలాయి. తీగ మీద పేరుకునే మంచు బరువుకు గాలి తోడైతే స్తంభం నిలవడం కష్టం. అందులోనూ లోయలోని అనేక పల్లెల్లో నేటికీ తీగలు పుచ్చిన కర్ర స్తంభాలపైన, కొన్నిచోట్ల ఏకంగా చెట్లకే వేలాడుతుంటాయి. ఎండాకాలపు గాలివానకే తట్టుకోలేని ఈ ఏర్పాటు అడుగుల మందాన కురిసే మంచును తట్టుకోగలదని ఎవరైనా ఎలా నమ్మగలరు?

జమ్మూ కాశ్మీర్ విద్యుత్ కథలోని మరో విషాదం, నీరు పుష్కలంగా ఉన్న చోటే వెలుగు కరవు కావడం. బగ్లిహార్, సలాల్, ఉరి మొదటి దశ, రెండో దశ, దుల్‌హస్తి, కిషన్‌గంగ - ఈ ఆరు జలవిద్యుత్ కేంద్రాల స్థాపిత సామర్థ్యమే 3,030 మెగావాట్లు. కానీ చలికాలంలో పర్వతాలపై మంచు కరగక నదుల్లో ప్రవాహం సన్నగిల్లుతుంది. గిరాకీ శిఖరానికి చేరే వేళకే ఉత్పత్తి అడుగంటుతుంది. అప్పుడు లోయ మొత్తం పీర్ పంజాల్ పర్వతాలను దాటి వచ్చే లైన్ల ద్వారా ఉత్తరాది గ్రిడ్ నుంచి అందే కరెంటు మీద ఆధారపడాలి. వేసవిలో దేశానికి విద్యుత్ ఇచ్చే ప్రాంతం శీతకాలంలో దానికోసం చేయి చాచవలసి రావడం గోరుచుట్టుపై రోకటిపోటు వంటిది.

తెగిన తీగను అతికించినంత మాత్రాన కష్టం గట్టెక్కదు. గంటల తరబడి కరెంటు లేక గడ్డకట్టిన ఇళ్లలో సరఫరా తిరిగి రాగానే హీటర్లు, నీళ్లు కాచే గీజర్లు, దుప్పటి హీటర్లు అన్నీ ఒక్కసారిగా పనిచేయడం మొదలెడతాయి. ఆ ఒత్తిడికి వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. మంచు మూసిన దారిలో దానిని మరమ్మతు కేంద్రానికి తరలించి, బాగుచేయించి, తిరిగి తెచ్చేసరికి రోజులు గడుస్తాయి. తొలి దెబ్బ మంచు కొడితే, రెండో దెబ్బ నిల్వలో మరో ట్రాన్స్‌ఫార్మర్ లేకపోవడం వల్ల తగులుతుంది. మొదటిది ప్రకృతి చేసిన పని. రెండోది నూటికి నూరుపాళ్లు మానవ తప్పిదమే.

ప్రభుత్వాన్ని నమ్ముకోకుండా బతకడం కాశ్మీరీ కుటుంబం ఏనాడో నేర్చింది. వేసవిలోనే వంకాయ, సొరకాయ, టమాటా, టర్నిప్‌లను కోసి ఎండబెట్టి, మన పల్లెల్లో వరుగులు పెట్టినట్లే దాచుకుంటారు. ఎండు చేపలు, పప్పులు, బియ్యం అటకెక్కిస్తారు. శరదృతువులో రాలిన చినార్ ఆకులను కాల్చి బొగ్గు చేసుకుంటారు. అల్లిన బుట్టలో మట్టి పాత్రనుంచి, అందులో నిప్పులు పోసి, ‘ఫెరాన్’ అనే వదులైన పొడుగాటి అంగీ లోపల పట్టుకు తిరిగే ‘కాంగ్రీ’ కుంపటి లోయకు అసలైన అండ. కట్టెలతో మండే ‘బుఖారీ’ పొయ్యి గదిని వెచ్చగా ఉంచుతుంది. 2024 డిసెంబరు చివర్లో భారీ మంచుకు రోడ్లు మూసుకుపోయి యాత్రికులు చిక్కుకున్నప్పుడు గాందర్‌బల్ జిల్లాలోని గుండ్ ప్రజలు మసీదు తలుపులు తెరిచి వారికి ఆశ్రయమిచ్చారు. కష్టకాలంలో పొరుగువాడే దేవుడన్న మాటకు అంతకంటె నిదర్శనం అక్కరలేదు.

అయితే ప్రజల ఓర్పును పాలకులు తమ అసమర్థతకు ముసుగుగా వాడుకోవడం క్షమించరానిది. కాంగ్రీ చలిని ఆపుతుందే కాని ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన శ్వాసకోశ రోగికి ఊపిరి పోయలేదు; ప్రసవశాలలో దీపం వెలిగించలేదు; నీటి పంపును నడపలేదు. పైగా ఇంటిని కాపాడే నిప్పే అజాగ్రత్తగా ఉంటే ఇంటిని కబళిస్తుంది. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో బొగ్గు మండినా, గ్యాస్ హీటరు వెలిగినా కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారికి మెలకువైనా రాదు. 2025 జనవరిలో శ్రీనగర్‌లోని ఒక అద్దె ఇంట్లో దంపతులు, వారి ముగ్గురు పిల్లలు ఊపిరాడక మరణించిన ఘటన దేశాన్ని కలచివేసింది. చలి నుంచి తప్పించుకోబోయి ఒక కుటుంబం తెల్లారేసరికి తుడిచిపెట్టుకుపోవడం కంటె ఘోరం ఏముంటుంది? హిమపాతంలో విద్యుత్ సరఫరా సౌకర్యానికి సంబంధించిన సమస్య మాత్రమే కాదు, ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న అనడానికి ఇదే తార్కాణం.

2024 డిసెంబరు 21 వేకువన శ్రీనగర్‌లో ఉష్ణోగ్రత మైనస్ 8.5 డిగ్రీలకు దిగజారింది. గత ఐదు దశాబ్దాల్లో డిసెంబరు నెలలో అంతటి చలి అక్కడ నమోదు కాలేదు. కుళాయిల్లో నీరు గడ్డకట్టింది, కరెంటు కొరత తీవ్రమైంది. ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా జమ్మూలోని కార్యక్రమాలను రద్దు చేసుకుని శ్రీనగర్‌లో మకాం వేసి సరఫరాను పర్యవేక్షించవలసి వచ్చింది. ఆ చొరవ అభినందనీయమే. కానీ ముఖ్యమంత్రి దగ్గరుండి చూస్తే తప్ప కదలని యంత్రాంగం యంత్రాంగమే కాదు. అంతకు మూడేళ్ల ముందు, 2021 డిసెంబరులో, ట్రాన్స్‌మిషన్ సంస్థను పవర్‌గ్రిడ్‌తో కలిపే ప్రతిపాదనకు నిరసనగా విద్యుత్ ఉద్యోగులు సమ్మెకు దిగితే, చిల్లై కలాన్ గుమ్మంలో సైన్యాన్ని పిలవక తప్పలేదు. ప్రతిపాదనను పక్కన పెట్టాకగాని సమ్మె ముగియలేదు. మంచులో స్తంభమెక్కే లైన్‌మన్ లేనిదే ఏ పథకమూ పనిచేయదని నాడు ఏలినవారికి తెలిసివచ్చి ఉండాలి.

ఈ ముప్పు కాశ్మీర్‌కే పరిమితం కాదు. సంపన్న దేశాలూ దీని చేత గుణపాఠాలు నేర్చుకున్నవే. 1998 జనవరిలో కెనడాలోని క్విబెక్ ప్రాంతంలో రోజుల తరబడి కురిసిన వాన పడీ పడగానే గడ్డకట్టి తీగల చుట్టూ మంచు తొడుగులా బిగుసుకుంది. సుమారు వెయ్యి ఉక్కు టవర్లు, 30 వేలకు పైగా కర్ర స్తంభాలు కూలాయి. క్విబెక్‌లోనే దాదాపు 14 లక్షల మంది వినియోగదారులకు సరఫరా ఆగిపోయింది. కొందరికి నెల రోజులకు పైగా కరెంటు లేదు. సైన్యం రంగంలోకి దిగింది. ఆ తరువాత అక్కడి విద్యుత్ సంస్థ ఊరుకోలేదు. ఒక టవరు కూలితే వరసగా మిగిలినవీ పడిపోకుండా మధ్యమధ్య బలిష్ఠమైన టవర్లు నిలిపింది. తీగల్లో ప్రత్యేకంగా విద్యుత్ పంపి, ఆ వేడికి మంచు కరిగే ఏర్పాటునూ సమకూర్చుకుంది.

అమెరికాలోని టెక్సాస్ ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ. 2011 ఫిబ్రవరి చలికి విద్యుత్ కేంద్రాలు మొరాయించినప్పుడే వాటిని చలికి తట్టుకునేలా తీర్చిదిద్దాలని కేంద్ర నియంత్రణ సంస్థలు హెచ్చరించాయి. ఆ సలహాకు చట్టబద్ధత లేకపోవడంతో పెడచెవిన పెట్టారు. సరిగ్గా పదేళ్లకు, 2021 ఫిబ్రవరిలో, గ్యాస్ బావులు, గొట్టాలు, విద్యుత్ కేంద్రాలు గడ్డకట్టి 45 లక్షలకు పైగా ఇళ్లు, సంస్థలు చీకటి పాలయ్యాయి. అధికారిక లెక్క ప్రకారమే 246 మంది మరణించారు. డాలస్, హ్యూస్టన్ నగరాల్లో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలకూ ఆ చలి రాత్రులు అనుభవైకవేద్యమే. అంతా అయ్యాక, అదే ఏడాది చట్టం చేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పేద దేశాల సొత్తు మాత్రమే కాదన్నమాట.

తీగలు నేలకూలితే నగరం ఎలా ఉంటుందో తెలుగువారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు విశాఖపట్నం రోజుల తరబడి కరెంటు లేక, నీరు లేక అల్లాడింది. ఆ అనుభవంతోనే ప్రపంచ బ్యాంకు సాయంతో చేపట్టిన పునరుద్ధరణ ప్రాజెక్టు కింద నగరంలో భూగర్భ కేబుళ్లు వేయడానికి పూనుకున్నారు. తుపానైనా, హిమపాతమైనా సూత్రం ఒకటే: కూలినదాన్ని కూలినట్లే తిరిగి నిలబెట్టడం పునర్నిర్మాణం కాదు, తదుపరి విధ్వంసానికి చేసే ఏర్పాటు.

కాశ్మీర్‌లో చేయవలసిందేమిటో ఎవరికీ తెలియనిది కాదు. తీగల మీదకు వాలిన కొమ్మలను అక్టోబరు ముగిసేలోగా నరికించాలి. కర్ర స్తంభాలను, బోడి తీగలను తొలగించి, ఉక్కు స్తంభాలు, తొడుగు కేబుళ్లు వేయాలి. తొలి మంచు పడకముందే ప్రతి తాలూకా కేంద్రంలో ట్రాన్స్‌ఫార్మర్లు, స్తంభాలు, తీగలు నిల్వ చేయాలి. ఆసుపత్రులు, నీటి సరఫరా కేంద్రాలు, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం వాడే రోగులున్న ప్రాంతాల జాబితా ముందే సిద్ధం చేసి, వాటికే తొలి ప్రాధాన్యమివ్వాలి. సరఫరాను ఒక్కసారిగా కాక విడతలవారీగా పునరుద్ధరిస్తూ, ఏ వాడకు ఎప్పుడు వస్తుందో రేడియో ద్వారా, మసీదు మైకుల ద్వారా నిజాయితీగా ప్రకటించాలి. బొగ్గు కుంపటిని మూసిన గదిలో ఉంచి నిద్రించరాదన్న హెచ్చరిక ప్రతి గడపకూ చేరాలి. లైన్‌మన్లకు రక్షణ పరికరాలు, బీమా లేకుండా మంచులోకి పంపరాదు.

డబ్బు లేదన్న సాకు చెల్లదు. దేశవ్యాప్తంగా పంపిణీ వ్యవస్థను ఆధునికీకరించేందుకు 2021లో కేంద్రం ఆమోదించిన పథకం విలువ 3 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. సంకల్పముంటే పర్వతాలు అడ్డురావనడానికి 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన శ్రీనగర్-లేహ్ లైనే సాక్షి. సుమారు 335 కిలోమీటర్ల పొడవున జోజిలా కనుమ మీదుగా సాగే ఆ లైను లడఖ్‌ను దేశ గ్రిడ్‌తో కలిపింది. కనుమ దాటగలిగిన తీగ పల్లెలోని చివరి ఇంటి వరకు చెక్కుచెదరకుండా ఎందుకు చేరలేకపోతోందన్నదే ప్రశ్న. ఇందులో వినియోగదారులకూ బాధ్యత ఉంది. కొక్కేలు తగిలించి కరెంటు వాడుకోవడం, బిల్లులు ఎగవేయడం సాగినంతకాలం ట్రాన్స్‌ఫార్మర్లు కాలక మానవు, పంపిణీ సంస్థ అప్పుల ఊబి నుంచి బయటపడదు. మీటర్లు బిగించిన వాడలకైనా మాట ఇచ్చిన మేరకు సరఫరా చేస్తేనే ఆ క్రమశిక్షణను కోరే నైతిక అర్హత ప్రభుత్వానికి దక్కుతుంది.

పార్టీలు ఎన్నికల్లో ఉచిత యూనిట్ల గురించి పోటీపడి వాగ్దానాలు చేస్తాయి. నిలకడలేని కరెంటును ఉచితంగా ఇచ్చినా గడ్డకట్టే రాత్రి అది ఎవరికీ అక్కరకు రాదు. కాశ్మీరీ గృహిణి వరుగులు ఎండబెట్టే నాటికే విద్యుత్ శాఖ తన గిడ్డంగులు నింపుకోవాలి. ఆమె బొగ్గు సిద్ధం చేసుకునే నాటికే అది తన తీగలు సరిచూసుకోవాలి. ఒక నిరుపేద ఇల్లు ఏటా పాటించే ముందుచూపును ప్రభుత్వం కూడా పాటించాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు. మంచు తన వేళకు తాను వస్తుంది. వెలుగు కూడా అంత నమ్మకంగా నిలిచిన నాడే లోయ ప్రజలకు ప్రభుత్వం తమదన్న భరోసా కలుగుతుంది.